బ్రిగేడియర్ ఉస్మాన్ : వంశము, జీవితము

సైనికుల జీవిత చరిత్రలు సాధారణంగా యుద్ధరంగంలో ప్రారంభమై యుద్ధరంగంలోనే ముగుస్తాయి. బ్రిగేడియర్ మహమ్మద్ ఉస్మాన్ కథను మాత్రం ఆయన పుట్టిన ఇంటినుండి చెప్పడం సముచితమని మేము తలుస్తున్నాము.

ఉస్మాన్ 1912 జూలై 15న ఉత్తర భారతంలోని ఆజంగఢ్ జిల్లా బీబీపూర్ గ్రామంలో జన్మించారు. ఆ గ్రామం నేడు మవూ జిల్లాలో ఉన్నది. తండ్రి ఖాన్ బహదూర్ మహమ్మద్ ఫారూఖ్ పోలీసు అధికారి. కాశీ నగరానికి కొత్వాలుగా పనిచేసినవారు. కొత్వాలు అన్న మాటను మన ప్రాంతం వారికి వివరించనక్కరలేదు. రాజా బహదూర్ వెంకటరామారెడ్డిగారి పేరుతో పాటు హైదరాబాదులో ఆ మాట కూడా నిలిచిపోయింది కదా! సోదరులలో ఒకరు తరువాత సైన్యంలో బ్రిగేడియర్ స్థాయికి ఎదిగారు. మరొకరు పత్రికారంగాన్ని ఎంచుకున్నారు.

బాలుని చదువు కాశీలోనే సాగింది. పన్నెండేళ్ల ప్రాయంలో, బావిలో పడిన ఒక పసివానిని తాను దూకి రక్షించాడని చెబుతారు. మాటలో నత్తి ఉండేది. కుమారుడు తనవలెనే పోలీసు శాఖలో చేరాలని తండ్రి ఆశించారు; కుమారుని మనస్సు సైన్యంపై నిలిచింది. డెహ్రాడూన్ లో సైనిక విద్యాలయం ప్రారంభమైన 1932లోనే ఆయన ఇంగ్లండులోని శాండ్‌హర్స్ట్ కు ఎంపికై వెళ్లారు. అక్కడ శిక్షణ పొందిన చివరి భారతీయుల జట్టులో ఆయన ఒకరు. 1934లో అధికారియై, మరుసటి ఏడు బలూచ్ రెజిమెంటులో చేరారు. వాయవ్య సరిహద్దులోను, రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో బర్మాలోను పనిచేశారు.

1947లో దేశంతో పాటు సైన్యమూ విభజింపబడింది. బలూచ్ రెజిమెంటు పాకిస్తాన్ వంతుకు వచ్చింది. ముస్లిం అధికారులలో పెక్కుమంది అటు వెళ్లారు. ఉస్మాన్ ను కూడా రమ్మన్నారు. త్వరితగతిని ఉన్నత పదవులు లభిస్తాయని ఆశ చూపారు. ఆయన వెళ్లలేదు. ఈ నిర్ణయాన్ని ప్రశంసించేవారు అది ఆయనకు ఎంత కష్టమైనదో తరచు మరచిపోతారు. సైనికునికి రెజిమెంటు రెండవ కుటుంబం. పన్నెండేళ్లుగా కలిసి భుజించి, కలిసి పోరాడిన ఆ కుటుంబం సరిహద్దుకు ఆవలికి పోతున్నది. ఆయన దానిని వదలి డోగ్రా రెజిమెంటుకు మారారు. కొద్ది మాసాలలోనే ఆ వదలివచ్చిన సైన్యానికి ఎదురు నిలవవలసి వచ్చింది.

కాశ్మీరు యుద్ధం అప్పటికే మొదలైంది. మీర్‌పూర్, కోట్లీల నుండి వచ్చే దారులు కలిసే ఝంగర్ 1947 డిసెంబరు 25న శత్రువు వశమైంది. 50వ పారాచూట్ బ్రిగేడుకు నాయకుడైన ఉస్మాన్, ఝంగర్ తిరిగి చేజిక్కేవరకు మంచంపై పరుండనని ప్రతినబూనారు. ఆ చలికాలమంతా ఆయనకు నేలపై పరచిన చాపయే శయ్య. నౌషేరాను పరికించడానికి వచ్చిన కరియప్ప, పట్టణానికి ఎగువనున్న కోట్ శిఖరాన్ని తనకు కానుకగా ఇమ్మని అడిగారట. ఫిబ్రవరి ఆరంభంలో ఆ కానుక ముట్టింది. ఫిబ్రవరి 6న శత్రువు వేల సంఖ్యలో నౌషేరాపై విరుచుకుపడి తీవ్రంగా నష్టపోయి వెనుదిరిగాడు. మనవారిలో 33 మంది మరణించారు. ఉస్మాన్ తలకు శత్రుపక్షం 50 వేల రూపాయల వెల కట్టిందని అందరూ చెబుతారు.

ఆ వెలకన్న మాకు మరొక విషయం పెద్దదిగా తోస్తున్నది. నౌషేరాలో ప్రజలకు ఆహారం కొరవడినదని తెలిసి, మంగళవారం నాడు సైనికులు ఉపవసించి ఆ ధాన్యం వారికి ఇచ్చేటట్లు ఆయన ఒప్పించారు. యుద్ధంలో దిక్కులేనివారైన బాలురను చేరదీసి, చదువు, శిక్షణ ఇప్పించి, బాలసేన అని పేరు పెట్టారు. ఆ పిల్లలు కాల్పుల నడుమ వార్తలు మోశారు. వారిలో ముగ్గురిని తరువాత నెహ్రూ సత్కరించారు. ఉస్మాన్ వివాహం చేసుకోలేదు. మద్యం ముట్టలేదు. జీతంలో అధిక భాగం బీద పిల్లల చదువులకే వెళ్లేది.

1948 మార్చి 18న ఝంగర్ తిరిగి మన వశమైంది. ఆ రాత్రి నాయకుడు పరుండడానికి బ్రిగేడు శిబిరంలో మంచమే లేదు! సమీప గ్రామం నుండి ఒకటి అడిగి తెచ్చారు.

జూలై 3 సాయంకాలం ఝంగర్ లోనే, శత్రువు ప్రయోగించిన ఫిరంగి గుండు ఆయన సమీపంలో పడింది. అది 25 పౌండ్ల గుండు; విభజనలో ఉభయ సైన్యాలకూ పంచబడిన ఫిరంగులలోనిది. 36 ఏళ్లు నిండడానికి పన్నెండు రోజులు మిగిలి ఉండగా ఆయన అసువులు బాశారు. ఆ యుద్ధంలో అంతకన్న ఉన్నత హోదాగల భారతీయ అధికారి ఎవరూ నేలకొరగలేదు. మరణానంతరం మహావీర చక్ర లభించింది.

ఢిల్లీలో జామియా మిల్లియా ఇస్లామియా పరిసరాన గల ఖబరస్తాన్ లో ఆయనను ఖననం చేశారు. ప్రధాని నెహ్రూ, మంత్రివర్గ సభ్యులు అంత్యక్రియలకు హాజరయ్యారు. 2020 డిసెంబరులో ఆ సమాధి దెబ్బతిని ఉన్నట్లు వార్త వెలువడగా, సైన్యం పూనుకొని దానిని బాగుచేయించింది.