నీలంబూర్ టేకు: కలెక్టర్ కనోలీ వేయించిన వనం

కేరళలోని మలప్పురం జిల్లా నీలంబూర్ దగ్గర, చాలియార్ నది ఒడ్డున 2.31 హెక్టార్ల టేకు వనం ఉంది. ప్రపంచంలో ఇప్పటికీ నిలిచి ఉన్న అతి పాత టేకు ప్లాంటేషన్‌గా దానికి పేరు. స్థానికులు, పర్యాటకులు దాన్ని కనోలీ ప్లాట్ అంటారు. 19వ శతాబ్దం నడుమ మలబార్ జిల్లాకు కలెక్టర్‌గా ఉన్న హెన్రీ వాలెంటైన్ కనోలీ పేరు అది.

1806లో పుట్టిన కనోలీ, ఈస్టిండియా కంపెనీ సివిల్ సర్వీసులో మద్రాసు ప్రెసిడెన్సీకి వచ్చారు. ఆయన అన్నదమ్ముల్లో ముగ్గురు కాబూల్, బుఖారా వ్యవహారాల్లో చిక్కుకుని ప్రాణాలు పోగొట్టుకున్నారు. వారిలో ఆర్థర్ కనోలీని 1842లో బుఖారా అమీరు చంపించాడు. హెన్రీకి మాత్రం దక్కింది మలబార్ కలెక్టర్ పదవి.

అప్పటికి మలబార్ టేకు తరిగిపోతోంది. బొంబాయిలో ఓడలు కట్టడానికి కంపెనీకి ఆ కలప కావాలి. 1806లో కెప్టెన్ వాట్సన్‌ను అడవుల కన్జర్వేటర్‌గా నియమించి, కలపపై గుత్తాధిపత్యం తెచ్చారు. జన్మీలు, వ్యాపారులు, రైతులు వ్యతిరేకించడంతో 1820లలో ఆ పదవి రద్దయింది. తర్వాత నరకడం మళ్లీ జోరందుకుంది. నాటేవారు లేరు.

కనోలీ లెక్క సులువైనదే. టేకు చేతికి రావాలంటే అరవై ఏళ్లు పైబడుతుంది. అంతకాలం రాబడి లేకుండా ఏ భూస్వామీ పెట్టుబడి పెట్టడు. కాబట్టి ఆ పని ప్రభుత్వమే చేయాలి. నీలంబూర్‌ను ఎంచుకోవడానికి నది కూడా ఒక కారణం. నరికిన దుంగలు చాలియార్‌లో తేలుతూ సముద్రతీరానికి చేరతాయి. 1840లలో అక్కడ భూములు కౌలుకు తీసుకుని పని మొదలుపెట్టారు.

మొదట్లోనే ఎదురుదెబ్బ తగిలింది. టేకు కాయ పైపెంకు గట్టిది. ఎన్ని విధాలుగా విత్తినా మొలకలు రాలేదు. ఆ చిక్కు విడిపోయింది చాతు మేనోన్ అనే మలయాళీ అధికారి పనిచేపట్టాకే. నీళ్లలో నానబెట్టిన గింజలను నర్సరీ మళ్లలో చల్లి, నీడ కల్పించి, తడి ఆరకుండా చూశారు. ఎదిగిన మొక్కలను వానాకాలంలో తోటలోకి మార్చారు. 1844 నుంచి ఫలితం కనిపించింది. దాదాపు రెండు దశాబ్దాల్లో పది లక్షలకు పైగా మొక్కలు నాటారు.

అడవిలో ఓపిక చూపిన కలెక్టర్, ఊళ్లలో కఠినంగా వ్యవహరించారు. కౌలు దోపిడీపై మాప్పిళ్ల రైతుల తిరుగుబాట్లు పదేపదే చెలరేగుతున్న కాలమది. వారు గౌరవించే సయ్యద్ ఫజల్ తంగళ్ 1852లో దేశం విడిచి అరేబియా వెళ్లేలా కనోలీ ఒత్తిడి తెచ్చారు. 1854 చట్టం కింద మాప్పిళ్లల కత్తులను స్వాధీనం చేసుకునే పనీ ఆయనదే. 1855 సెప్టెంబర్ 11 రాత్రి, కాలికట్ జైలు నుంచి తప్పించుకున్న మాప్పిళ్ల ఖైదీలు ఆయన బంగళాలోకి వచ్చి, వరండాలో కూర్చుని ఉన్న కనోలీని భార్య కళ్లెదుటే నరికి చంపారు. వేయించిన టేకులో ఒక్క దుంగ కూడా పక్వానికి రాకముందే ఆయన కథ ముగిసింది.

చాతు మేనోన్ 1862లో చనిపోయేదాకా ఆ పని కొనసాగించారు. భారత టేకు ప్లాంటేషన్ల పితామహుడని అటవీ అధికారులు ఆయన్ను గుర్తుచేసుకుంటారు. కానీ వనం మాత్రం కలెక్టర్ పేరు మీదే ఉంది.

నీలంబూర్ తర్వాత దేశమంతటా టేకు తోటలు వేయడానికి నమూనా అయింది. దాంతో పాటే అడవిని కలప లెక్కల్లో చూసే అలవాటూ పాకింది. రకరకాల చెట్లున్న అడవి కొట్టేసి ఒకే జాతి నాటిన చోట కాయలు, దుంపలు, తేనె మీద బతికే ఆదివాసులకు మిగిలేది తక్కువ. అడవి ప్రభుత్వానిదేనన్న ఆలోచన 1882 మద్రాసు అటవీ చట్టంతో స్థిరపడింది. కోస్తాంధ్ర, రాయలసీమ జిల్లాలూ ఆ చట్టం కిందికే వచ్చాయి. కనోలీ వారసత్వంలో నదీ తీరాన ఎత్తుగా నిలిచిన టేకు చెట్లతో పాటు ఈ భాగం కూడా ఉంది.