కుమ్మరి గుండయ్య – కుండ చప్పుడునకు దిగివచ్చిన శివుడు

12వ శతాబ్దమున కల్యాణ నగరమందు బసవేశ్వరుడు వెలిగించిన భక్తిజ్యోతి రాజభవనముల కంటె పనివారి పాకలలో మిక్కిలిగా ప్రకాశించెను. పడవ నడపిన అంబిగర చౌడయ్య, బట్టలుతికిన మడివాళ మాచయ్య, బుట్టలల్లిన మేదర కేతయ్య, త్రాళ్లు పేనిన నులియ చందయ్య మున్నగువారందరు శివశరణులే. వీరు వృత్తిని విడిచి భక్తులైనవారు కారు, వృత్తియందుండియే భక్తులైరి. ఈ శరణుల వరుసలో మట్టిని నమ్ముకొనిన మహనీయుడు కుమ్మరి గుండయ్య.

గుండయ్య నివాసము భాల్కి. ఇది నేడు కర్ణాటక రాష్ట్రమున, బసవకల్యాణమున్న బీదరు జిల్లాయందే యున్నది. 1956లో రాష్ట్రముల పునర్విభజన జరుగువరకు బీదరు, కరీంనగరు, ఆదిలాబాదు జిల్లాలు మూడును హైదరాబాదు రాష్ట్రమునందే యుండెను. కావున తెలంగాణమువారికి గుండయ్య దూరపువాడు కాడు. పైగా ఆతని కథను తెలుగున పాల్కురికి సోమనాథుడు తన ద్విపద కావ్యమైన బసవపురాణమునందు చేర్చెను. ఆ పాల్కురికియే నేటి జనగామ జిల్లాలోని పాలకుర్తి. కన్నడమున హరిహర కవి గుండయ్యపై ప్రత్యేకముగా ఒక రగళెను రచించి, కుమ్మరి పనిముట్లను యోగసాధనకు అన్వయించి వర్ణించెను. గుండయ్య ధర్మపత్ని కేతలదేవి. ఆమెయు శివశరణియే.

గుండయ్య మహిమను గ్రహింపవలెనన్న ముందు ఆతని పనిని గ్రహింపవలెను. కుమ్మరి వృత్తిక్రమము ఈ ఎనిమిది వందల ఏండ్లలో పెద్దగా మారలేదు. కరీంనగరు, ఆదిలాబాదు పల్లెలలో పరంపరగా కుండలు చేయువారి పనిని చూచిన యెడల గుండయ్య దినచర్య కన్నులకు గట్టును. గోదావరి, మానేరు తీరములలో ఈ వృత్తి ఎంతో ప్రాచీనమైనది. శాతవాహనుల కాలమునాటి కోటిలింగాల, ధూళికట్ట, పెద్దబంకూరు త్రవ్వకములలో బయల్పడిన కుండపెంకులే ఇందుకు సాక్ష్యము. తెలుగు దేశపు కుమ్మరులు తమను శాలివాహనులని చెప్పుకొందురు.

ఎండకాలమున చెరువు ఎండిన పిమ్మట కుమ్మరి మట్టిని త్రవ్వి ఇంటికి చేర్చును. దానిని ఎండబెట్టి, దంచి, రాళ్లను వేళ్లను ఏరివేసి, జల్లించి, నానబెట్టును. మట్టి మరీ జిగురైనచో ఎండునప్పుడు పగులును గనుక తగినంత ఇసుకయో బూడిదయో కలుపును. పిదప కాళ్లతో త్రొక్కి, చేతులతో పిసికి, గాలిబుడగ యొక్కటియు లేకుండ ముద్దచేయును. చూచువారికి ఇది కూలిపనివలె తోచును. కాని ఇచట జరిగిన ఏమరుపాటు ఆవములో తప్పక బయటపడును.

ముద్దను సారెమీద నిలిపి, కర్రతో సారెను వడిగా త్రిప్పి, తడిచేతులతో మట్టిని పైకి లేపును. మెడయు మూతియు సారెమీదనే తీరును. దారముతో కోసి తీసిన కుండకు అడుగు ఇంకను కుదిరి యుండదు. గోడ దళసరిగా నుండును. దానిని నీడలో కొంత ఆరనిచ్చి, లోపల గుండ్రని రాతిని ఒకచేత ఆనించి, వెలుపలినుండి చెక్కపలకతో రెండవచేత కొట్టుచు, కుండను మెల్లగా త్రిప్పుచు అడుగును మూయును. ఒక్కొక్క దెబ్బకు గోడ పలుచనగును, కడుపు పెరుగును. దెబ్బ బరువైనచో కుండ చిరుగును. తేలికయైనచో గోడ ఎగుడుదిగుడగును. అన్ని దెబ్బలు ఒకే బలముతో, ఒకే ఎడముతో పడవలెను. అట్లు పడినప్పుడు ఆ చప్పుడునకు తనంతట తానే ఒక లయ కలుగును.

శివుని చెవికి సోకినది ఈ లయయే. గుండయ్య కుండను కొట్టుచు ప్రతి దెబ్బతో శివనామమును స్మరించుచుండెను. ఆతని చేయి మట్టిమీదను, మనస్సు లింగముమీదను ఉండెను. ఆ రెంటికి నడుమ ఎడము లేకపోయెను. ఆ ధ్వని కైలాసమును చేరగా పరమేశ్వరుడు పరవశించి భాల్కికి దిగివచ్చి, కుమ్మరి వాకిట నాట్యమాడెనని పురాణగాథ. అది చూచి గుండయ్యయు కుండను వాయించుచునే ఆడసాగెను. దేవతలును సమస్త లోకమును ఆ నాట్యములో కలిసెనని కవులు వర్ణించిరి. తుదకు శివుడు గుండయ్యకు కైలాసపదవిని ప్రసాదించెను.

ఈ గాథలో గమనింపదగిన విషయమొకటి కలదు. గుండయ్య శివుని రప్పించుటకై మద్దెల పట్టలేదు, సంగీతము నేర్వలేదు. కుండ చక్కగా కుదురుటకు కొట్టవలసినట్లు కొట్టెను, అంతియే. ఆ లయ పనితనమునుండి పుట్టినది. పనియందు కపటమున్నచో దెబ్బ తప్పును. దెబ్బ తప్పినచో లయ తప్పును. కాయకమే కైలాసమను బసవ సిద్ధాంతమునకు ఇంతకంటె సులభమైన దృష్టాంతము దొరకదు. పనిని ముగించి, చేతులు కడుగుకొని చేయునది మాత్రమే పూజయని తలచువారికి ఇది గొప్ప హెచ్చరిక. శివుడు వచ్చినది గుండయ్య చేతులకు మట్టి అంటియున్న వేళయందే.

కుండ కథ చప్పుడుతో ముగియదు. బాగుగా ఎండిన కుండలను ఆవములో పేర్చి, కట్టెలు, పిడకలు, గడ్డి కూర్చి, పైన బూడిదతోను మట్టితోను కప్పి నిప్పు పెట్టుదురు. మొదట మంట మందముగా నుండవలెను. తొందరపడి పెంచినచో మట్టిలో దాగిన తడి ఆవిరియై కుండను పగులగొట్టును. క్రమముగా వేడి 600 డిగ్రీల సెంటిగ్రేడు మేర పెరిగిన పిదప మట్టి తన పూర్వగుణమును విడుచును. ఆ మీదట ఎంతకాలము నీటిలో నుంచినను అది మరల బురద కాదు. ఎండిన కుండకును కాలిన కుండకును రూపమొక్కటే. తొలివాన కురిసిననాడు భేదము తెలియును. లింగధారణమును బాహ్యచిహ్నముగా మాత్రమే ధరించినవానికిని, ఆచారమను అగ్నిలో పరిపక్వుడైనవానికిని గల భేదము ఇట్టిదే.

కేతలదేవి ఈ సత్యమును తన పనినుండియే గ్రహించెను. కుంభేశ్వర అంకితముతో ఆమె వచనములు నిలిచియున్నవి. పదునుకు రాని మట్టితో కుండ కాజాలదను కుమ్మరింటి యనుభవమును ఆమె వ్రతనిష్ఠకు ఉపమానముగా గైకొనెను. మట్టి పదునును వ్రేళ్లతో ఎరిగిన ఇల్లాలు మాత్రమే చెప్పగల మాట అది. భర్త చేతిలో లయయైన భక్తి భార్య నోట వచనమైనది.

శరణుల దృష్టిలో కాయకమునకు జత దాసోహము. సంపాదించినదానిలో తమకు కావలసినంత ఉంచుకొని, మిగిలినది జంగమునకు, సమాజమునకు అర్పించుట వారి నియమము. కుండకు ఈ ధర్మము సహజమైనది. అది తనకొరకు ఏదియు దాచుకొనదు. తన సూక్ష్మరంధ్రములగుండ కొంచెము తడిని వెలికి విడిచి, ఆ తడి ఆవిరియగుటచే లోని నీటిని చల్లబరచి దాహము తీర్చును.

నేడు ఇనుప, ప్లాస్టిక్ పాత్రలును, విద్యుత్తుతో నడచు శీతల యంత్రములును వచ్చి కుండ స్థానమును ఆక్రమించినవి. కరీంనగరు, ఆదిలాబాదు ప్రాంతములందు పెండ్లికి ఐరేని కుండలు, బోనములకు కుండలు, వేసవికి రంజన్లు ఇంకను కుమ్మరి ఇంటినుండియే రావలెను. కాని మిగిలిన దినములలో ఆ ఇంటి గడప త్రొక్కువారు అరుదు. వృత్తి కూడుపెట్టని యెడల కుమ్మరి బిడ్డలు సారెను మూలకు చేర్చుట సహజమే.

గుండయ్య చరిత్రను పురాణకాలక్షేపమున విని కన్నీరు కార్చి, మరునాడు అంగడిలో రంజను వెలకై కుమ్మరితో పంతమాడుట శరణధర్మము కాదు. ఆతని చిత్రమును మఠమున గోడకెత్తి, మట్టిపని చేయువానిని పంక్తికి ఎడముగా నిలుపుట అంతకంటె పెద్ద అపచారము. శివుడు కుమ్మరి వాకిటికి వచ్చినప్పుడు కులమడుగలేదు. వీరశైవ కుటుంబములు శుభకార్యములకు కుండలను కుమ్మరి ఇంటికే పోయి, తగిన వెలయిచ్చి, గౌరవముతో తెచ్చుకొనవలెను. మఠములు వేసవి చలివేంద్రములలో మట్టి రంజన్లనే నిలుపవలెను. దాసోహపంక్తిలో పనివారికి పక్కనే చోటీయవలెను. ఇవి చిన్న పనులే యైనను గుండయ్యకు చేయదగిన పూజ ఇదియే.

భాల్కి కుమ్మరి శివుని వెదకుకొనుచు ఎచటికిని పోలేదు. తన వాకిట, తన మట్టియందు, తన చేతి దెబ్బను తప్పనీయకుండ నిలిచెను. శివుడే ఆతనిని వెదకుకొనుచు వచ్చెను.