పొట్టి మనిషి... పొడవాటి దారి

నా ఎత్తు నాలుగడుగుల పదకొండంగుళాలు. బస్సెక్కితే పైనున్న కడ్డీ అందదు. ఇంట్లో అటక మీది డబ్బా కావాలంటే స్టూలు వేసుకోవాలి. మీలో చాలామందికి ఈ సంగతి కొత్తేం కాదు. విచిత్రమేమిటంటే, అందనప్పుడల్లా మన ఎత్తునే తిట్టుకుంటాం. కడ్డీ అంత పైన పెట్టినవాళ్లని ఒక్క మాటా అనం.

రెండేళ్ల కిందట మా ఆయనకి నడుంలో డిస్కు జారింది. ఇక కొన్నాళ్లు బండెక్కొద్దన్నారు డాక్టరు. ఇంట్లో ఉన్నది ఆయన మోటారు సైకిలొక్కటే. అమ్మాయిని ట్యూషనుకి దించాలి, పొలం చూసి రావాలి. ఇంకో బండి కొనే స్తోమత అప్పట్లో లేదు. పెళ్లికి ముందు అన్నయ్య లూనా నడిపిన ధైర్యంతో నేనే నేర్చుకున్నాను. వారం రోజులు బాగానే సాగింది. ఎనిమిదో రోజు రైల్వే గేటు పడింది. ఆగి కాలు పెట్టబోతే నేల అందలేదు. బండీ నేనూ కలిసి ఎడమపక్కకి ఒరిగిపోయాం. దెబ్బ పెద్దగా తగల్లేదు గానీ, రైలు వెళ్లి గేటు తెరిచేదాకా చుట్టూ వినిపించిన నవ్వులు ఇంకా చెవుల్లోనే ఉన్నాయి. ఇంటికొచ్చి బండికి దుప్పటి కప్పేశాను. పొట్టివాళ్లకి ఇలాంటివి పనికిరావని పక్కింటి పెద్దాయన అంటే, నిజమే కాబోలు అనుకున్నాను కూడా.

ఆ దుప్పటి తీయించిన మనిషి గురించే ఈ నాలుగు మాటలు. ఆమె పేరు బెస్సీ స్ట్రింగ్‌ఫీల్డ్. అమెరికాలో పుట్టి పెరిగిన నల్లజాతి మహిళ. ఎత్తు ఐదడుగుల రెండంగుళాలు. జీవితంలో ఒకటి కాదు, రెండు కాదు, ఇరవై ఏడు హార్లే డేవిడ్సన్ మోటారు సైకిళ్లు నడిపింది!

పదహారేళ్లకే బండి

బెస్సీ బాల్యం గురించి రెండు కథలున్నాయి. జమైకాలో పుట్టాననీ, చిన్నప్పుడే తల్లిదండ్రులు దూరమైతే బోస్టన్‌లో ఒక ఐరిష్ ఆవిడ పెంచుకుందనీ ఆమే చెప్పుకునేది. ఆమె పోయాక పరిశోధకులు రికార్డులు తిరగేస్తే, నార్త్ కరొలినా రాష్ట్రంలోని ఈడెన్‌టన్ అనే ఊళ్లో పుట్టినట్టు తేలింది. పుట్టిన ఏడు 1911 అని కొందరు, 1912 అని కొందరు. తన గతాన్ని తనే ఎందుకు మార్చి చెప్పుకుందో, ఆ మనసులో ఏముందో మనకెలా తెలుస్తుంది? బండి సంగతి మాత్రం అందరికీ తెలిసిందే. పదహారేళ్లకి ఆమె చేతికొచ్చిన మొదటి బండి 1928 నాటి ఇండియన్ స్కౌట్. పేరు చూసి మన దేశానిదనుకోకండి, అది అమెరికా కంపెనీయే.

ఆ కంపెనీ 1928లోనే స్కౌట్‌ని మార్చి, సీటు బాగా కిందికి ఉండేలా కొత్త రకం తెచ్చింది. దాని సీటు నేల నుంచి ఇరవయ్యారు అంగుళాలకు కాస్త పైన, అంతే. ఇప్పుడు మా ఇంట్లో ఉన్న బండి సీటు ముప్ఫయ్యొకటిన్నర అంగుళాలు. తేడా చూశారా? అయిదంగుళాలు! నేను పడిపోయింది ఆ అయిదంగుళాల దగ్గరే.

సీటు ఎందుకు పైకెళ్లింది?

అప్పటి బండ్లలో చాలావాటికి వెనక షాకబ్జార్బర్లు ఉండేవి కావు. వెనక చక్రం నేరుగా ఫ్రేముకే బిగించి ఉండేది. గతుకుల్లో నడుం విరక్కుండా సీటు కింద స్ప్రింగులు పెట్టేవారు. చక్రం పైకీ కిందికీ ఆడదు కాబట్టి దాని మీద ఖాళీ వదలక్కర్లేదు. సీటుని ఎంత కిందికైనా తేవచ్చు. హార్లే పెద్ద బండ్లకి ముందువైపు హైడ్రాలిక్ ఫోర్కు 1949లో, వెనక షాకబ్జార్బర్లు 1958లో వచ్చాయి. చక్రం ఆడాలంటే చోటు కావాలి. ఏ కంపెనీ బండైనా సరే, ఆ చోటు పెరిగినకొద్దీ సీటు పైకెళ్లడం సహజం. నడుముకి సుఖం వచ్చింది, కాలికి నేల దూరమైంది.

అలాగని బెస్సీకి అంతా సులువుగా జరిగిపోయిందనుకోకండి. ఆమె నడిపిన పెద్ద హార్లేలు దాదాపు రెండున్నర క్వింటాళ్ల బరువుండేవి. క్లచ్ కాలితో తొక్కాలి, గేరు చేత్తో మార్చాలి. అంత బరువుని ఆ చిన్న మనిషి నిలబెట్టిందంటే కండబలం ఒక్కటే చాలదు. ఎక్కడ ఆగాలో ముందే చూసుకోవాలి, ఏ కాలు దించాలో ముందే అనుకోవాలి.

నాణెం పడ్డ చోటికి

1930లో, పంతొమ్మిదేళ్ల వయసులో, బెస్సీ ఒంటరిగా దేశం చూడ్డానికి బయల్దేరింది. ఎక్కడికెళ్లాలో తేల్చుకునే పద్ధతి తమాషాగా ఉండేది. మ్యాపు పరిచి పైసా నాణెం విసిరేది. అది ఎక్కడ పడితే అక్కడికే ప్రయాణం! అలా అప్పటికున్న నలభై ఎనిమిది రాష్ట్రాలూ తిరిగింది. దేశాన్ని ఈ చివరి నుంచి ఆ చివరికి ఎనిమిదిసార్లు దాటిందని చెబుతారు.

వినడానికి సరదాగా ఉంది కదూ? కానీ ఆ రోజుల్లో దక్షిణాది రాష్ట్రాల్లో నల్లవాళ్లకి బడి వేరు, బండిలో చోటు వేరు, మంచినీళ్ల కుళాయి కూడా వేరు. తెల్లవాళ్ల హోటళ్లలో గది ఇచ్చేవారు కాదు. దారిలో నల్లజాతి కుటుంబాలు ఎవరైనా కనిపిస్తే వాళ్లింట్లో తలదాచుకునేది. లేకపోతే పెట్రోలు బంకు దగ్గర బండి ఆపి, కోటు మడిచి హ్యాండిల్ మీద తలగడలా పెట్టుకుని, కాళ్లు వెనక మడ్‌గార్డు మీదికి చాపి నిద్రపోయేది. ఒకసారి ఒక తెల్లజాతి మనిషి ట్రక్కుతో వెంటపడి ఆమెను బండి మీంచి పడగొట్టాడు. లేచి మళ్లీ బండెక్కింది.

ఖర్చులకోసం కార్నివాల్‌లలో విన్యాసాలు చేసేది. చెక్కలతో కట్టిన బావి గోడ మీద మోటారు సైకిలు గిర్రున తిప్పడం మన ఎగ్జిబిషన్లలోనూ చూశాం కదా, అదీ చేసేది. ఒక పోటీలో మగవాడి వేషంలో గెలిచిందట. తీరా హెల్మెట్ తీశాక ఆడమనిషని తెలిసి బహుమతి ఇవ్వలేదట!

రెండో ప్రపంచయుద్ధం రోజుల్లో సైన్యం కోసం దేశంలోని స్థావరాల మధ్య కాగితాలు చేరవేసే పనిలో చేరింది. తన దళంలో ఆడమనిషి ఆమె ఒక్కతే. అప్పుడు నడిపింది నీలం రంగు హార్లే.

మయామీ పార్కులో పరీక్ష

1950ల్లో ఫ్లోరిడాలోని మయామీలో ఇల్లు కొనుక్కుని, నర్సుగా పనిచేస్తూ స్థిరపడింది. అక్కడి పోలీసులు మాటిమాటికీ ఆపేవారు. నల్లజాతి ఆడవాళ్లు మోటారు సైకిలు నడపడానికి వీల్లేదన్నారు. బెస్సీ నేరుగా వాళ్ల పై అధికారి దగ్గరికే వెళ్లింది. ఆయన ఆమెను దగ్గర్లో ఉన్న పార్కుకి తీసుకెళ్లి, ఏదీ నడిపి చూపించమన్నాడు. ఎనిమిది అంకె ఆకారంలో మలుపులు తిప్పింది, తనకొచ్చిన విన్యాసాలన్నీ చూపించింది. ఆ తర్వాత పోలీసులు మళ్లీ ఆమె జోలికి రాలేదు. స్థానిక పత్రికలే ఆమెకు మయామీ మోటారు సైకిల్ రాణి అని పేరు పెట్టాయి. అక్కడే ఒక మోటారు సైకిల్ క్లబ్బు కూడా స్థాపించింది.

ఇంటి జీవితంలో మాత్రం కష్టాలే ఎక్కువ. ఆరుసార్లు పెళ్లి చేసుకుంది. మొదటి భర్తతో కలిగిన ముగ్గురు పిల్లలూ దక్కలేదు. ఆ తర్వాత మళ్లీ పిల్లలు లేరు. మూడో భర్త ఇంటిపేరు స్ట్రింగ్‌ఫీల్డ్. విడిపోయాక కూడా ఆ పేరు ఉంచుకోమని ఆయనే అడిగాడట, అప్పటికే ఆ పేరుకి ఆమె అంత గుర్తింపు తెచ్చింది మరి!

వయసు మీదపడ్డాక గుండె పెరిగి జబ్బు చేసింది. బండి మానేయమన్నారు డాక్టర్లు. చివరి రోజులదాకా మానలేదు. 1993 ఫిబ్రవరిలో కన్నుమూసింది. 2002లో అమెరికా మోటారు సైకిలిస్టుల సంఘం తన హాల్ ఆఫ్ ఫేమ్‌లో ఆమెకు చోటిచ్చింది.

దుప్పటి తీశాక...

అమ్మాయి ఫోన్లో బెస్సీ ఫొటో చూపించిన రోజు నాకు తట్టింది ఒక్కటే. ఆ బరువైన బండికీ ఆ చిన్న మనిషికీ పొత్తు కుదిరిందంటే, సీటు కిందికుండడం వల్ల సగం, నడిపే తెలివి వల్ల సగం. మొదటి సగం మెకానిక్ చేయగలడు. రెండో సగం నేనే నేర్చుకోవాలి.

మర్నాడే బండిని మెకానిక్ దగ్గరికి పంపించాను. వెనక పొట్టి షాకబ్జార్బర్లు వేశాడు. ముందు ఫోర్కు గొట్టాల బిగింపులు వదులు చేసి, గొట్టాల్ని కొంచెం పైకి జరిపి మళ్లీ బిగించాడు. ముందూ వెనకా సమంగా దించాలట. వెనక మాత్రమే దించితే మలుపుల్లో బండి బద్ధకంగా తిరుగుతుంది, ముందు మాత్రమే దించితే వేగంలో నిలకడ తప్పుతుంది. సీటులో స్పాంజి కొంచెం చెక్కించాను. అన్నీ కలిపి ఒకటిన్నర అంగుళం తగ్గింది. సైడ్ స్టాండు కూడా కోయించి పొట్టి చేయాల్సి వచ్చింది. లేకపోతే బండి మరీ నిటారుగా నిలబడి అవతలిపక్కకి పడిపోతుందట!

నష్టం లేకపోలేదు. బండి దిగితే దాని పొట్టా దిగుతుంది. స్పీడ్ బ్రేకర్ల దగ్గర కింద తగలకుండా నెమ్మదిగా దాటాలి. ఇద్దరం కూర్చుని గతుకులో దిగితే టైరు మడ్‌గార్డుకి రాసుకుంటుందేమో చూసుకోవాలి. అందుకే అవసరమైనంతకన్నా ఎక్కువ దించనివ్వకండి. తెలిసిన మెకానిక్‌తోనే చేయించండి, ఇన్సూరెన్సు వాళ్లకీ ఒక మాట చెప్పి ఉంచండి.

ఇక రెండో సగం. రెండు పాదాలూ పూర్తిగా ఆననక్కర్లేదు, ఒక్కటి చాలు. ఆగే ముందు సీటు మీద ఎడమవైపుకి కాస్త జరిగి ఎడమకాలు దించాలి, కుడికాలు బ్రేకు మీదే ఉండాలి. వాలుగా ఉన్న చోటా, కంకర మీదా ఆగకూడదు. ఇది అలవాటవడానికి నాకు నెల పట్టింది. పెరట్లో, తెల్లవారుజామున, ఎవరూ చూడకుండా!

మొన్న మళ్లీ అదే రైల్వే గేటు పడింది. ఆగాను. ఎడమపాదం నేల మీద, కుడిపాదం బ్రేకు మీద. వెనక అమ్మాయి కూర్చుని ఉంది. రైలు వెళ్లింది, గేటు లేచింది, మేమూ కదిలాం. ఎవరూ మావైపు చూడనైనా లేదు. ఆ సంతోషం ఎలాంటిదో పడి లేచినవాళ్లకే తెలుస్తుంది.

మీ ఇంట్లోనూ దుప్పటి కప్పిన బండి ఏదైనా ఉందా? మీ ఎత్తుని తిట్టుకునే ముందు, ఒకసారి సీటు ఎత్తు కొలిచి చూడండి.