లూయీ బ్రెయిలీ చదివిన బడి



చూపులేనివారు వ్రేళ్లతో తడవి చదువుకొను ఉబ్బెత్తు చుక్కల అక్షరములను మీలో కొందరు చూచియుందురు. వాటిని ఏర్పరచిన లూయీ బ్రెయిలీ పేరు అనేకులకు తెలియును. అయితే ఆయనను చేరదీసి విద్య నేర్పిన బడియే ఆయన దేహమును కూడ చెరిపినదని ఆయన చరిత్ర వ్రాసినవారు తలంచుట అంతగా తెలియదు. ఈ నెల ఆ సంగతి వ్రాయుచున్నాను.

లూయీ 1809 జనవరి 4వ తేదీన ఫ్రాన్సు దేశములో పారిస్ పట్టణమునకు తూర్పున కూవ్రే అను పల్లెలో పుట్టెను. తండ్రి తోలుపనివాడు, గుఱ్ఱములకు జీనులు కుట్టి బ్రదుకుచుండెను. ఆరె ఎంత వాడిగా నుండునో మన పల్లెలలో ఆ పని ఎరిగిన ఇండ్లవారికి చెప్పనక్కరలేదు. 1812లో మూడేండ్ల లూయీ తండ్రివలె తానును తోలు పొడవబోగా పనిముట్టు జారి కంటిలో గ్రుచ్చుకొనెను. ఆ పుండు చెడి రెండవ కంటికి కూడ ప్రాకెను. అయిదేండ్లు నిండునప్పటికి చూపు పూర్తిగా పోయెను. తల్లిదండ్రులు వానిని మూలను కూర్చుండబెట్టలేదు. ఊరి గురువు చదువు చెప్పెను. ఊరి బడిపంతులు చూపున్న పిల్లల మధ్యనే వానికి చోటిచ్చెను.

1819 ఫిబ్రవరిలో, పది సంవత్సరముల వయస్సున, లూయీ పారిస్‌లోని అంధ బాలుర పాఠశాలలో చేరెను. గ్రుడ్డివారు భిక్షమెత్తుట తప్ప మరేమియు చేయజాలరని లోకము నమ్మిన దినములలో వాలెంటీన్ హాయి అను దయగలవాడు మొదలుపెట్టిన బడి అది. ఉద్దేశము గొప్పదే. కాని పిల్లలను ఉంచిన భవనము సంగతి వేరు. అది సెయింట్ విక్టర్ వీధిలోని పాత సెమినరీ. 1792లో విప్లవపు రోజులలో దానిని చెరసాలగా మార్చగా అనేకమంది గురువులు అందులో చంపబడిరి. నదికి దగ్గరనున్న పల్లపు చోటు; గోడలకు చెమ్మ, గదులకు గాలి చాలదు, నడవలు ఇరుకు. చూపున్నవాడే అచ్చట తడబడును. పిల్లలు బయటికి షికారు పోవునప్పుడు ఒక పొడుగాటి త్రాడు పట్టుకొని వరుసగా నడచుచుండిరి. ఆ త్రాటిని తలచినవారికి లోపలి గోడల చెమ్మ తట్టకపోవుట నాకు ఆశ్చర్యము.

ఆ కాలపు అధికారి గియే కంటి వైద్యుడే, అయినను కఠినుడు. తప్పు చేసిన బాలుని ఒంటరి గదిలో మూసి రొట్టెయు నీళ్లును మాత్రమే ఇచ్చుట అచ్చట వాడుక. 1821లో ఆయనను తొలగించిరి. తరువాత వచ్చిన పిన్యే పిల్లలయందు కనికరము గలవాడు. ఆ యిల్లు వ్యాధులకు నిలయమని వైద్యులు 1821లోనే వ్రాసియిచ్చిరి. 1828లో మరల వ్రాసిరి. కాగితములు కచ్చేరీలో నిలిచెను, పిల్లలు ఆ యింటనే నిలిచిరి.

క్రొత్త యిల్లు కట్టువాడు మిద్దెకు పిట్టగోడ కట్టవలెనని మోషే ధర్మశాస్త్రము విధించెను. పడినవాడు చూచుకొని నడువలేదని ఇంటివాడు తప్పించుకొనుటకు అందులో చోటులేదు. నేను లోగడ సేవ చేసిన ఒక ఊరిలో బడి వెనుక గోడలేని బావి యుండెను. చూపు మందగించిన బాలుడొకడు ఒకనాడు దాని అంచున నిలిచియుండగా చేయిపట్టి వెనుకకు లాగితిమి. ఆ వారములోనే గోడ కట్టించితిమి. అంతవరకు ఎందుకు కట్టలేదో మాలో ఎవరమును చెప్పలేకపోతిమి. నేనును దినదినము దాని ప్రక్కనే నడచినవాడను.

లూయీ ఆ చెమ్మ గోడల నడుమనే 1824 నాటికి, పదునైదేండ్లకే, ఆరు చుక్కల లిపిని కూర్చెను. 1829లో అది పుస్తకముగా వెలువడెను. 1833లో ఆ బడిలోనే ఉపాధ్యాయుడాయెను. కొలది సంవత్సరములకే క్షయరోగము బయటపడెను. అప్పటికాయన వయస్సు సుమారు ఇరువదియారు. 1838లో కవియు శాసనసభ సభ్యుడునైన లామార్టీన్ ఆ భవనమును కండ్లార చూచి, దాని దుస్థితిని సభలో విన్నవించెను. అప్పుడుగాని ధనము మంజూరు కాలేదు. 1843లో పిల్లలు విశాలమైన క్రొత్త భవనమునకు మారిరి. మొదటి వైద్యుల మాటకు ఇరువదిరెండు సంవత్సరములు గడచెను.

ఇందులో ఒక వింత యున్నది. పిన్యే తరువాత 1840లో అధికారియైన ద్యుఫో కాలములోనే గాలి వెలుతురు గల ఇల్లు దొరకెను. ఆ ద్యుఫోయే చుక్కల లిపిని నిషేధించి పుస్తకములను కాల్పించెను. పిల్లలు దొంగచాటుగా వ్రాసికొనుచునే యుండిరి. తుదకు ఆయన మనస్సు మార్చుకొనగా, 1844లో క్రొత్త భవన ప్రారంభ దినమున ఆ లిపిని సభికులయెదుట చదివి చూపించిరి.

లూయీ అచ్చటనే 1852 జనవరి 6వ తేదీన, నలుబదిమూడేండ్లు నిండిన రెండు దినములకు కన్నుమూసెను. 1854లో బడి ఆ లిపిని అధికారపూర్వకముగా అంగీకరించెను. 1951లో మన దేశ భాషలకు భారతి బ్రెయిలీ ఏర్పడగా, తెలుగు బాలురును అవే ఆరు చుక్కలతో చదువుకొనుచున్నారు. 1952లో ఫ్రాన్సు ప్రభుత్వము ఆయన అస్థులను పారిస్‌లోని పాంథియోనునకు ఘనముగా చేర్చెను. చేతులను మాత్రము కూవ్రే వారు ఇయ్యలేదు. అవి ఆ పల్లె సమాధియందే యున్నవి.