ఒక్క మార్కు బిట్‌లో పట్టని సురవరం

గ్రూప్స్‌కి ప్రిపేర్ అయ్యేవాళ్లకు ఈ బిట్ కంఠతా వచ్చు. తెలుగులో తొలి కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు ఎవరికి? సురవరం ప్రతాపరెడ్డికి. ఏ పుస్తకానికి? ఆంధ్రుల సాంఘిక చరిత్రకు. ఏ సంవత్సరం? 1955. నేనూ ఇంతవరకే చదివి పేజీ తిప్పేశాను. పుస్తకం చేతికొచ్చింది చాలా ఏళ్ల తర్వాత. తెరిచాక మాత్రం సిగ్గేసింది, ఇన్నాళ్లూ ఎందుకు చదవలేదా అని.

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్‌లో చదువుకుంటున్న మీకు ఆయన పక్క ఊరి మనిషే. 1896 మే 28న నేటి జోగులాంబ గద్వాల జిల్లా బోరవెల్లిలో పుట్టారు. సొంతూరు ఇటిక్యాలపాడు. కర్నూలులో కొంత చదువు, హైదరాబాద్ నిజాం కాలేజీలో ఇంటర్, మద్రాసులో బీఏ, ఆపైన లా. వకీలుగా కొంతకాలం పనిచేశారు. అందులోనే స్థిరపడితే హాయిగా బతికేవారు. కానీ హైదరాబాద్‌లో రెడ్డి హాస్టల్ బాధ్యత చూసుకుంటూ, పాలకుల భాష ఉర్దూ అయిన రాజ్యంలో తెలుగులో గోలకొండ పత్రిక పెట్టారు. 1930లో జోగిపేటలో జరిగిన తొలి ఆంధ్ర మహాసభకు అధ్యక్షుడూ ఆయనే.

జవాబు ఇచ్చిన తీరు

నిజాం రాష్ట్రంలో తెలుగు కవులే లేరన్న అర్థంలో ఒక పండితుడు రాశాడు. మనమైతే ఏం చేస్తాం? కోపంతో నాలుగు మాటలు అనేసి ఊరుకుంటాం. సురవరం ఊళ్ల నుంచి కవుల వివరాలు, పద్యాలు సేకరించారు. 1934లో గోలకొండ కవుల సంచిక వేశారు. అందులో 354 మంది కవులున్నారు. ఇక వాదించడానికి ఏమీ మిగల్లేదు.

పాలమూరు పేరు చెప్పగానే వలసలు, కరువు తప్ప ఇంకేముంది అనేవాళ్లు మనకూ తగులుతూనే ఉంటారు, ఇంటర్వ్యూల్లోనూ. అప్పుడు ఈ 354 గుర్తొస్తే చాలు.

ఓరుగల్లు వీధుల్లో

1949లో వచ్చిన సాంఘిక చరిత్ర కూడా అలాంటి పనే. మధ్యయుగాల రోమ్ నగర చరిత్రను గ్రెగొరోవియస్ అనే జర్మన్ రచయిత 8 సంపుటాల్లో రాశాడు. మన ఓరుగల్లూ మహానగరమే. కానీ అక్కడి మామూలు జనం ఏం తిన్నారు, ఏం కట్టుకున్నారు, ఏ ఆటలాడారు అని అడిగితే చెప్పేవాళ్లు తక్కువ. శాసనాల్లో ఎక్కువగా కనిపించేవి రాజుల పేర్లు, దానాల లెక్కలు.

సురవరం ఆ సమాచారాన్ని కావ్యాల్లో వెతికారు. క్రీడాభిరామంలో ఇద్దరు స్నేహితులు ఓరుగల్లు వీధుల్లో తిరుగుతారు. డబ్బిచ్చి భోంచేసే పూటకూళ్ల ఇల్లు, కోడిపందేలు, పల్నాటి వీరుల కథ పాడే స్త్రీ అన్నీ అందులో ఉన్నాయి. పండితులు దాన్ని పద్యం కోసం చదివారు, ఆయన ఊరి కోసం చదివారు. ఆముక్తమాల్యద, హంసవింశతి లాంటివాటినీ అలాగే జల్లెడ పట్టారు. మా టెక్ భాషలో చెప్పాలంటే డేటా పాతదే, అడిగిన ప్రశ్న కొత్తది.

1952లో వనపర్తి నుంచి ఎమ్మెల్యేగా గెలిచారు. మరుసటి ఏడాది ఆగస్టు 25న కన్నుమూశారు. అకాడమీ అవార్డు వచ్చేసరికి ఆయన లేరు. నేడు హైదరాబాద్‌లోని తెలుగు యూనివర్సిటీ ఆయన పేరుతోనే ఉంది.

నోటిఫికేషన్ కోసం ఎదురుచూసే రోజులు ఎంత బరువుగా గడుస్తాయో నాకు తెలుసు. రిజల్ట్ మన చేతిలో ఉండదు, చదివే తీరు మాత్రం ఉంటుంది. ఈ వారం లైబ్రరీకి వెళ్లినప్పుడు గైడ్ పక్కన పెట్టి ఆ పుస్తకం అడగండి. కాకతీయుల కాలం అధ్యాయం ఒక్కటి చదవండి. ఆ తర్వాత మీ ఊళ్లో పెద్దవాళ్లు పాడే పాటో, చెప్పే సామెతో ఒకటి రాసుకుని, అందులో అప్పటి తిండి, పని, ధరల గురించి ఏం దొరుకుతుందో చూడండి. బిట్ ఎలాగూ గుర్తుంటుంది. దాంతోపాటు ప్రశ్న వేయడమూ వస్తుంది.