ఖాళీని చూపించిన మాస్టారు: సయ్యద్ అబ్దుల్ రహీం

సింగపూర్‌లో చాంగీ నుంచి విమానం ఎక్కితే రెండు గంటల్లోపే జకార్తాలో దిగుతారు కదా! ఆ ఊళ్లో సెనయాన్ అనే చోట ఒక పెద్ద స్టేడియం ఉంది. 1962 సెప్టెంబరు 4న భారత ఫుట్‌బాల్ జట్టు అక్కడ ఆసియా క్రీడల ఫైనల్ ఆడింది. ఆ జట్టును తయారుచేసింది ఒక హైదరాబాద్ బడిపంతులు. ఆయన పేరు సయ్యద్ అబ్దుల్ రహీం. అందరూ రహీం సాబ్ అని పిలిచేవాళ్లు. ఉర్దూలో సాబ్ అంటే మనం గారు అన్నట్టే.

బడి నుంచి మైదానానికి

రహీం గారు 1909లో హైదరాబాద్‌లో పుట్టారు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదువుకుంటూ అక్కడి జట్టులో ఫుట్‌బాల్ ఆడారు. తర్వాత కాచిగూడ, చాదర్‌ఘాట్ బడుల్లో పాఠాలు చెప్పారు. 1943లో హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శి అయ్యారు. 1950 నుంచి హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టుకు ఆట నేర్పారు. ఆ జట్టు బొంబాయిలో జరిగే రోవర్స్ కప్‌ను 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదేళ్లు గెలిచింది. అప్పట్లో దేశంలో పెద్ద జట్లన్నీ కలకత్తావే అనుకునేవాళ్లు. మరి ఈ పోలీసు జట్టు ఎలా గెలిచింది?

నాణేలతో ఆడి చూడండి

ఈ సంగతి చదివితే చాలదు, చేసి చూడాలి. నాలుగు నాణేలు తెచ్చుకోండి. మీ బల్ల అంచు దగ్గర గోల్ ఉందనుకోండి. గోల్ ముందు ఒక యాభై సెంట్ల నాణెం పెట్టండి. అది ఎదుటి జట్టులో మధ్యన కాపలా కాసే డిఫెండర్. దాని ఎదురుగా ఒక డాలర్ నాణెం పెట్టండి. అది మన సెంటర్ ఫార్వర్డ్. డాలర్‌కు కుడివైపు ఒకటి, ఎడమవైపు ఒకటి పది సెంట్ల నాణేలు పెట్టండి. అవి మన పక్క ఆటగాళ్లు.

ఆ రోజుల్లో సెంటర్ ఫార్వర్డ్ గోల్ దగ్గరే నిలబడేవాడు. డిఫెండర్ అతన్ని నీడలా అంటిపెట్టుకుని ఉండేవాడు. ఇద్దరూ అక్కడే తోసుకుంటూ ఉండేవాళ్లు. రహీం గారు తన సెంటర్ ఫార్వర్డ్‌ని వెనక్కి రమ్మన్నారు. మీరు కూడా డాలర్ నాణేన్ని మైదానం మధ్యకు జరపండి.

ఇప్పుడు యాభై సెంట్లు ఏం చేయాలి? డాలర్ వెంట పరిగెత్తితే గోల్ ముందు చోటు ఖాళీ అయిపోతుంది. పది సెంట్ల నాణేలు ఆ ఖాళీలోకి దూసుకుపోతాయి. పోనీ, వెళ్లకుండా అక్కడే ఉంటే? అప్పుడు డాలర్‌ను అడ్డుకునేవాళ్లే ఉండరు. తీరిగ్గా బంతి అందుకుని, చుట్టూ చూసి, కావలసినవాళ్లకు పాస్ ఇస్తుంది. ఎటు చూసినా డిఫెండర్‌కు చిక్కే!

ఇందులో అసలు కిటుకు గమనించారా? గోల్ పడడానికి దారి వేసినవాడు గోల్‌కు దూరంగా వెళ్లిపోయాడు. చప్పట్లు వేరేవాడికి పడొచ్చు. ఫరవాలేదు అనుకునే ఆటగాడు ఉంటేనే ఈ పద్ధతి నడుస్తుంది. ఆ కాలంలో హంగేరీ జట్టు కూడా ఇలాగే ఆడేది. 1953లో వాళ్లు ఇంగ్లండ్‌కు వెళ్లి, వెంబ్లీ మైదానంలో 6–3తో గెలిచి లోకాన్ని ఆశ్చర్యపరిచారు.

అయితే ఖాళీ కనిపించి మాయమయ్యేది రెండు మూడు సెకన్లలోనే. ఈలోపు బంతి అక్కడికి చేరాలి. మనిషి ఎంత పరిగెత్తినా బంతి అంత వేగంగా పోలేడు. అందుకే రహీం గారు పిల్లలకు వింత పోటీలు పెట్టేవారు. ఒక పోటీలో బంతిని కాళ్లతో తిప్పుకుంటూ పోకూడదు, రాగానే పాస్ ఇచ్చేయాలి. ఇంకో దాంట్లో, అలవాటు లేని కాలితోనే తన్నాలి. కుడికాలివాడు ఎడమకాలితో అన్నమాట!

సికింద్రాబాద్‌లో తులసీదాస్ బలరాం అనే కుర్రాడు బాగా ఆడతాడని రహీం గారు కనిపెట్టారు. రోజూ అంత దూరం రావడానికి అతని దగ్గర డబ్బు లేదు. సైకిల్ అద్దె రహీం గారే ఇచ్చారట. ఆ కుర్రాడే తర్వాత ఒలింపిక్స్‌లో ఆడాడు.

ఓటమి, గెలుపు

రహీం గారి జట్టు ఎప్పుడూ గెలిచిందనుకోకండి. 1951లో ఢిల్లీ ఆసియా క్రీడల్లో స్వర్ణం వచ్చింది. మరుసటి ఏడాదే హెల్సింకి ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో 10–1తో ఓడిపోయారు. మనవాళ్లలో చాలామంది బూట్లు లేకుండా, ఒట్టి కాళ్లతో ఆడారు. ఆ తర్వాత బూట్లు వేసుకోవడం తప్పనిసరి అయింది. నాలుగేళ్లకు, 1956లో, మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో ఆస్ట్రేలియాను వాళ్ల ఊళ్లోనే 4–2తో ఓడించారు. నెవిల్ డిసౌజా మూడు గోల్స్ కొట్టాడు. భారత్ నాలుగో స్థానంలో నిలిచింది.

ఇక జకార్తా సంగతి. మొదటి మ్యాచ్‌లోనే దక్షిణ కొరియా చేతిలో 0–2తో ఓటమి. తర్వాత థాయిలాండ్‌ను గెలిచారు కానీ, డిఫెండర్ జర్నైల్ సింగ్ తలకు దెబ్బ తగిలి కుట్లు పడ్డాయి. ఇలాంటప్పుడు మీరైతే ఏం చేస్తారు? అతన్ని బెంచీ మీద కూర్చోబెడతారా? సెమీఫైనల్‌లో రహీం గారు అతన్ని ముందుకు పంపి ఫార్వర్డ్‌గా ఆడించారు! దక్షిణ వియత్నాం మీద 3–2తో గెలిచారు. అందులో ఒక గోల్ జర్నైల్‌దే.

ఫైనల్‌లో మళ్లీ దక్షిణ కొరియానే. ఆ క్రీడలకు ఇజ్రాయెల్, తైవాన్ ఆటగాళ్లను రానివ్వలేదు. అది సరికాదని ఒక భారతీయ అధికారి అభ్యంతరం చెప్పడంతో అక్కడి జనానికి మన మీద కోపం వచ్చింది. దాదాపు లక్షమంది మన జట్టుకు వ్యతిరేకంగా అరుస్తుంటే స్టేడియం హోరెత్తిపోయింది. అయినా పి.కె. బెనర్జీ ఒక గోల్, జర్నైల్ సింగ్ ఒక గోల్ కొట్టారు. 2–1తో స్వర్ణం మనదైంది.

ఇంటికి వచ్చాక రహీం గారు ఎక్కువ కాలం బతకలేదు. కేన్సర్‌తో 1963 జూన్ 11న చనిపోయారు. జకార్తా గెలుపుకు అప్పటికి తొమ్మిది నెలలే. ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో భారత్‌కు మళ్లీ స్వర్ణం రాలేదు. ఈసారి మీ బ్లాక్ కింద ఆడుకునేటప్పుడు బంతి ఉన్నవాణ్ణి కాకుండా, బంతి లేనివాళ్లు ఎటు కదులుతున్నారో చూడండి. రహీం సాబ్ ఆట అక్కడ కనిపిస్తుంది.

కొత్త మాటలు

బడిపంతులు – బడిలో చదువు చెప్పే మాస్టారు
కిటుకు – పని సులువుగా అయ్యే ఉపాయం
తీరిగ్గా – తొందర లేకుండా
హోరెత్తు – పెద్ద శబ్దంతో నిండిపోవు

ఆలోచించి చెప్పండి

1. సెంటర్ ఫార్వర్డ్ వెనక్కి వస్తే డిఫెండర్‌కు వచ్చే చిక్కు ఏమిటి? నాణేలు జరుపుతూ అమ్మకో నాన్నకో తెలుగులో చెప్పండి.
2. రహీం గారు పెట్టిన వింత పోటీల వల్ల పిల్లలకు ఏం అలవాటైంది?
3. మీ పేరు బయటికి రాకపోయినా మీ జట్టు గెలవడానికి మీరు చేసిన పని ఏదైనా ఉందా? ఐదు వాక్యాల్లో రాయండి.