రేచీకటి గుట్టు విప్పిన జార్జ్ వాల్డ్

మా తమ్ముడు చిన్నతనంలో దీపాలు పెట్టే వేళకు గడప తన్నుకుని పడుతుండేవాడు. పిల్లవాడు బొద్దుగా ఉండడంతో కంటిజబ్బని ఇంట్లో ఎవరికీ తోచలేదు. పెంకితనమనుకుని నేనే రెండు దెబ్బలు వేసిన రోజులున్నాయి. రేచీకటి అని డాక్టరుగారు చెప్పి విటమిన్ ఏ ఇచ్చాక కొద్దిరోజులకే తేరుకున్నాడు. బి.ఎస్సీ.లో జార్జ్ వాల్డ్ గురించి చదివిన నాడు ఆ దెబ్బలు గుర్తొచ్చి సిగ్గుపడ్డాను.

వాల్డ్ 1906లో న్యూయార్కులో, వలసవచ్చిన యూదు కుటుంబంలో జన్మించారు. 1932లో డాక్టరేటు పుచ్చుకుని బెర్లిన్ వెళ్ళి, వార్‌బర్గ్ ప్రయోగశాలలో పనిచేస్తూ రెటీనాలో, అంటే కంటి వెనకపొరలో, విటమిన్ ఏ ఉందని కనిపెట్టారు. మరుసటి వేసవిలో హైడెల్‌బర్గ్‌లో అందరూ సెలవులకు పోగా ప్రయోగశాలకు 300 కప్పలు వచ్చిపడ్డాయి. వాటిని వదిలేయబోతుంటే ఈయన అడిగి పుచ్చుకున్నారు. (పాపం కప్పలు!) వాటి రెటీనాలోని ఎర్రరంగు వెలుతురు తగిలితే వెలిసి పచ్చబడి, చివరకు విటమిన్ ఏగా మారడం గమనించారు. అప్పటికే హిట్లర్ గద్దెనెక్కాడు. వాల్డ్ అమెరికాకు తిరిగొచ్చి 1934లో హార్వర్డులో చేరారు.

నన్ను బాగా పట్టుకున్నది మాత్రం ఎలుకల సంగతి. 1950ల చివర శిష్యుడు డౌలింగ్‌తో కలిసి ఎలుకలకు విటమిన్ ఏ లేని తిండి పెట్టారు. ముందు రెటీనాలో ఆ రంగు తగ్గి మసకవెలుతురులో చూపు మందగించింది. అయితే కంటి సంగతి పూర్తిగా తేలేలోగా ఒళ్ళే చెడి ఎలుకలు చచ్చిపోయేవి. అందుకని విటమిన్ ఏ యాసిడ్ కలిపి పెట్టారు. దానితో ఒళ్ళు పెరుగుతుంది గానీ, శరీరం దాన్ని మళ్ళీ విటమిన్ ఏగా మార్చుకోలేదు. ఇంకేం, ఎలుకలు నిగనిగలాడుతూ పెరిగాయి, కళ్ళు మాత్రం పోయాయి! తొలిదశలో విటమిన్ అందిస్తే చూపు తిరిగొస్తుంది. నెలల తరబడి ఆలస్యమై, చూసే కణాలే నశించిపోయాక ఎంత పెట్టినా రాదు. మా తమ్ముడు ఆ గీతకు ఇవతలే ఆగాడన్నమాట.

1967లో మరో ఇద్దరితో కలిసి వాల్డ్‌కు నోబెల్ బహుమతి వచ్చింది. ఆ పేరుతో ఆయన హాయిగా కూర్చోలేదు. 1969 మార్చిలో విద్యార్థుల ఎదుట నిలబడి వియత్నాం యుద్ధాన్నీ అణ్వాయుధాలనూ ఖండించారు. 1997లో కన్నుమూశారు.

ఈ కథ మా తమ్ముడికి ఇంకా చెప్పలేదు. చెబితే ఆ దెబ్బల సంగతి కూడా ఎత్తాల్సొస్తుంది.